ముందు తీగతో వినండి, తర్వాత బ్లూటూత్ పెట్టండి

అమ్మా, నమస్తే. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒంగోలు లాయర్‌పేటలో మీ ఇంటి హాల్లో నాన్నగారి టర్న్‌టేబుల్, రిసీవర్ (రేడియో, ఆంప్లిఫయర్ కలిసి ఉన్న పెట్టె) ఉన్నాయి. 1980ల్లో మీ మేనమామ కువైట్ నుంచి తెచ్చినవి. వాటితో వచ్చిన స్పీకర్ బాక్సుల్లో కోన్ చుట్టూ ఉండే ఫోమ్ పిండిలా రాలిపోయింది. నాన్నగారు ఇప్పుడు వెనక గదిలో మంచం మీదే ఉంటున్నారు. పిల్లలు కొనిచ్చిన బ్లూటూత్ స్పీకర్ ఆయన తల దగ్గర పెట్టి, హాల్లో మీరు రికార్డు వేస్తే ఆయనకు అక్కడ పాట వినపడాలి. అదీ మీకు కావలసింది. దానికోసం 250 రూపాయల బ్లూటూత్ ముక్క ఒకటి కొన్నారు, స్పీకర్ దాన్ని అసలు పట్టుకోవడం లేదు. టర్న్‌టేబుల్ పిన్నులు నేరుగా స్పీకర్ ఆక్స్‌లో, అంటే తీగతో పాట లోపలికిచ్చే కన్నంలో, పెడితే పాట తగరపు డబ్బాలోంచి వచ్చినట్టు సన్నగా వచ్చింది. తెలిసినాయన ఒకరు "రిసీవర్ వెనక స్పీకర్ వైర్లు ఒలిచి 3.5 మిల్లీమీటర్ల పిన్నుకి అంటించండి, ఖర్చే లేదు" అన్నారు. అలా చెయ్యవచ్చా అని అడిగారు.

నేను నెల్లూరు ట్రంకురోడ్డు పక్క సందులో ముప్పై ఏళ్లకు పైగా ఆంప్లిఫయర్లు, డెక్కులు, రికార్డు ప్లేయర్లు బాగుచేశాను. మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ఆ పని ఈ సాయంత్రమే ఎవరైనా చేసేస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

వద్దమ్మా. స్పీకర్ టెర్మినల్స్ నుంచి వచ్చేది పెద్ద స్పీకర్ కోన్‌ని ముందుకీ వెనక్కీ తోసే కరెంటు. 40 వాట్ల రిసీవర్ 8 ఓమ్‌ల స్పీకర్ మీద పూర్తిగా పలికితే అక్కడ దాదాపు 18 వోల్టులు ఉంటాయి. ఒక్క వాటు దగ్గరే 2.8 వోల్టులు. బ్లూటూత్ ముక్క లోపలి ఆక్స్ సర్క్యూట్ ఒక వోల్టు, మహా అయితే రెండు వోల్టులు పడుతుందని తయారు చేసినది. బిందెడు నీళ్లు ఉగ్గుగిన్నెలో కుమ్మరించినట్టు ఉంటుంది. వాల్యూమ్ బాగా తగ్గించి పెడితే పని చేస్తుందని కొందరు అంటారు. ఇంట్లో పిల్లలున్నారు, ఎవరో ఒకరు ఆ గుండీ తిప్పుతారు. ఇంకో ప్రమాదం ఉంది. 3.5 పిన్నులో ఎడమ, కుడి రెండిటికీ గ్రౌండ్ ఒక్కటే. కొన్ని ఆంప్లిఫయర్లలో ఎడమ వైపు నల్ల టెర్మినల్, కుడి వైపు నల్ల టెర్మినల్ ఒకటి కావు, రెండూ గ్రౌండూ కావు. ఆ రెంటినీ పిన్నులో కలిపితే ఆంప్లిఫయరే షార్ట్ అవుతుంది. పొగతోటలో ఒకరింట్లో సరిగ్గా ఇదే జరిగి నా బల్ల మీదకు వచ్చింది. బ్లూటూత్ ముక్క పోవడం సరే, రిసీవర్‌లో ఒక ఛానెల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు రెండూ కాలిపోయాయి. నలభై ఏళ్ల సెట్టుకి అసలైన ట్రాన్సిస్టర్లు దొరకడం ఎంత కష్టమో ఈ పని చేసేవాళ్లకి తెలుసు.

ఇక్కడ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. ఒకే పాట మీ హాల్లో మూడు సైజుల్లో ఉంటుంది. ముల్లు దగ్గర పుట్టినప్పుడు అది నాలుగైదు మిల్లీవోల్టులు మాత్రమే. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్ ఒకటిన్నర వోల్టు. దానిలో 300 నుంచి 400వ వంతు అన్నమాట. రిసీవర్‌లోని ఫోనో భాగం దాన్ని దాదాపు 100 రెట్లు పెంచి లైన్ లెవెల్‌కి తెస్తుంది. టేప్ డెక్కు, సీడీ ప్లేయరు, టీవీ, ఆక్స్ అన్నీ మాట్లాడుకునేది ఆ లెవెల్లోనే. ఆ తర్వాత పవర్ భాగం దాన్ని స్పీకర్ సైజుకి పెంచుతుంది. బ్లూటూత్ పెట్టెకి కావలసింది నడిమిది. మీరు ఒకసారి మొదటిది ఇచ్చారు, మీ తెలిసినాయన మూడోది ఇవ్వమన్నారు.

మొదటిది ఇచ్చినప్పుడు పాట చిన్నగా రావడం ఒక్కటే కాదు, బేస్ లేకుండా వచ్చిందన్నారు చూడండి, దానికి వేరే కారణం ఉంది. రికార్డు కోసేటప్పుడు పాటని ఉన్నదున్నట్టు గాడిలో పెట్టరు. మృదంగం, డోలు లాంటి లోతైన శబ్దాల్ని అలాగే కోస్తే గాడి అటూ ఇటూ ఎంతో దూరం ఊగుతుంది. పక్క గాడిలోకి పోతుంది, ఒక వైపు ఇరవై నిమిషాల పాట కూడా పట్టదు. అందుకని బేస్ తగ్గించి కోస్తారు. సన్న శబ్దాల్ని మాత్రం పెంచి కోస్తారు, ఎందుకంటే వినేటప్పుడు వాటిని మళ్లీ తగ్గిస్తే రికార్డు మీది చిటపట, బుసబుస కూడా వాటితోపాటే తగ్గుతాయి. ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అన్నదానికి 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఒక కొలత పెట్టింది. దాన్నే ఆర్ఐఏఏ కర్వ్ అంటారు. 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ తగ్గింపు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే పెంపు. వినేటప్పుడు ఈ లెక్కని తిరగేసి సరిచేసేది ఫోనో భాగమే. మీరు దాన్ని దాటేసి నేరుగా ఆక్స్‌లో పెట్టారు కాబట్టి తాలింపు లేని, ఉప్పు లేని పప్పు వడ్డించినట్టయింది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఇప్పుడొచ్చే టర్న్‌టేబుళ్లు చాలావాటిలో ఫోనో భాగం లోపలే ఉంటుంది, వెనక "ఫోనో / లైన్" అని స్విచ్చు ఇస్తారు. స్విచ్చు లైన్ మీద ఉంచి రిసీవర్ ఫోనో సాకెట్లో పెడితే పప్పులో రెండుసార్లు ఉప్పు పడుతుంది. పాట పగిలిపోయి, దబదబమంటూ వస్తుంది. మీది 1980ల సెట్టు, ఆ స్విచ్చు ఉండే అవకాశం తక్కువే, అయినా ఒకసారి వెనక తడిమి చూడండి. అలాగే మన ఇళ్లలో ఉండే పాత హెచ్‌ఎంవీ సూట్‌కేసు ప్లేయర్లలో క్రిస్టల్, సిరామిక్ కార్ట్రిడ్జులుంటాయి (కార్ట్రిడ్జ్ అంటే ముల్లు బిగించి ఉండే తల). అవి ఎక్కువ వోల్టేజీ ఇస్తాయి, వాటిని ఫోనో సాకెట్లో పెట్టకూడదు. ఇది చదివేవాళ్లలో అలాంటి ప్లేయరు ఉన్నవాళ్ల కోసం చెప్తున్నాను.

ఇక మీ రిసీవర్. చాలా ఏళ్లుగా ఆన్ చెయ్యకపోతే నేరుగా ప్లగ్గు పెట్టకండి. ఊళ్లో పాత మెకానిక్ ఎవరినైనా పిలిచి 100 వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టి మొదటిసారి ఆన్ చేయించండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే భయం లేదు, వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. గల్ఫ్ నుంచి వచ్చిన సెట్లు కొన్నిటికి వెనక వోల్టేజీ మార్చే చక్రం ఉంటుంది, అది 220 లేదా 240 మీద ఉందో లేదో చూడండి. కువైట్‌లోనూ మనలాగే 50 హెర్ట్జ్ కరెంటే కాబట్టి స్పీడుకి ఇబ్బంది లేదు. అమెరికా నుంచి తెచ్చుకున్న పాత టర్న్‌టేబుళ్లతోనే ఆ చిక్కు: ఇంటి ఏసీ కరెంటుతో నేరుగా తిరిగే మోటారుది అయితే, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ సరిచేసినా, 60 హెర్ట్జ్‌కి చేసిన మోటారు మన 50 దగ్గర ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. గాయకుడి గొంతు బొంగురుగా, సాగదీసినట్టు వస్తుంది.

రిసీవర్ వెనక టేప్ అని రాసిన చోట రెండు జతల సాకెట్లు ఉంటాయి. ఒకటి టేప్ ఇన్ లేదా ప్లే, రెండోది టేప్ అవుట్ లేదా రెక్ అవుట్. ఆ రెండో జతే మీకు కావలసిన చోటు. ఒకప్పుడు రికార్డు పాటల్ని క్యాసెట్‌లోకి ఎక్కించుకోవడానికి పెట్టినది. అక్కడ ఫోనో భాగం సరిచేసిన పాట లైన్ లెవెల్లో ఉంటుంది. రిసీవర్ వాల్యూమ్ గుండీకి, బేస్, ట్రెబుల్ గుండీలకి దానితో సంబంధం లేదు. వాల్యూమ్ పూర్తిగా సున్నా చేసినా టేప్ అవుట్‌లో పాట వస్తూనే ఉంటుంది. స్పీకర్ బాక్సులు లేకుండా రిసీవర్ ఆన్ చెయ్యవచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. ట్రాన్సిస్టర్ సెట్టయితే నిశ్చింతగా చెయ్యవచ్చు. వాల్వుల సెట్టుకే అది పనికిరాదు. మీ పాత బాక్సుల్ని మాత్రం పారెయ్యకండి. ఫోమ్ ఒక్కటి మార్పిస్తే అవి మళ్లీ పలుకుతాయి.

టేప్ అవుట్ లేని రిసీవర్ అయితే ప్రీ అవుట్ (పవర్ భాగానికి ముందే పాటని బయటికిచ్చే సాకెట్) చూడాలి, అదీ లేకపోతే హెడ్‌ఫోన్ సాకెట్. ఈ రెండిటికీ వాల్యూమ్ గుండీ పని చేస్తుంది కాబట్టి గుండీని తక్కువలో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి.

ఇప్పుడు అసలు పని. బ్లూటూత్ సంగతి రెండు రోజులు మరిచిపోండి. నాన్నగారి తల దగ్గరి స్పీకర్‌ని హాల్లోకి తీసుకురండి. దానికి ఆక్స్ ఉండటం మీ అదృష్టం, కొత్తగా వచ్చేవాటిలో చాలావాటికి ఆ కన్నమే ఉండటం లేదు. జేబీఎల్ కంపెనీ స్పీకర్లలో ఛార్జ్ 4కి ఉంది, ఛార్జ్ 5కి తీసేశారు. ఒక వైపు రెండు ఆర్‌సీఏ పిన్నులు (ఎరుపు, తెలుపు), రెండో వైపు 3.5 పిన్ను ఉన్న వైరు తెచ్చుకోండి. ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరుకుతుంది. ఆర్‌సీఏ పిన్నులు టేప్ అవుట్‌లో, 3.5 పిన్ను స్పీకర్ ఆక్స్‌లో. టర్న్‌టేబుల్ పిన్నులు ఫోనోలో. రిసీవర్ సెలెక్టర్, అంటే ఏ సాకెట్ పాట పలకాలో ఎంచే గుండీ, ఫోనో మీద. రికార్డు వేసి వినండి.

బ్లూటూత్ లేకుండా ఇలా వినమని ఎందుకు పట్టుబడుతున్నానంటే, గాలిలో పంపడం మొదలుపెట్టాక ఏ చప్పుడు ఎక్కడ పుట్టిందో కనుక్కోలేం. ఒక ఛానెల్ రాకపోతే ముల్లు దగ్గరా, వైరు దగ్గరా, సెలెక్టర్ స్విచ్చు దగ్గరా, బ్లూటూత్ పెట్టె దగ్గరా అని వెతకాలి. తీగతో విన్నప్పుడు శుభ్రంగా ఉంటే, ఆ తర్వాత వచ్చే తేడా ఏదైనా బ్లూటూత్‌దే.

తీగతో విన్నప్పుడు మీకు రెండు బాధలు ఎదురు కావచ్చు. ఒకటి, ఒక వైపు పాట రాకపోవడం లేదా గరగర. కరెంటు తీసేసి సెలెక్టర్ గుండీని ఆ చివర నుంచి ఈ చివరకు పాతిక ముప్పై సార్లు తిప్పండి. ఆర్‌సీఏ సాకెట్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. మనది సముద్రం గాలి. ఒంగోలులోనూ, నెల్లూరులోనూ ఇరవై ఏళ్లు వాడని సాకెట్ మీద పచ్చటి చిలుము చూడకుండా ఉన్న సెట్టు నా చేతికి దాదాపు రాలేదు.

రెండోది గుయ్ మనే హమ్. దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే విసిగిపోయి అంతా అటకెక్కిస్తారు. మూలాపేటలో ఒక పెద్దాయన నాకు ఫోన్ చేసి, "రికార్డు ముట్టుకోకముందే గుయ్యిమంటా ఉండాది అబ్బయా, రెండు నెలలుగా ఇదే వరస" అన్నారు. వెళ్లి చూశాను. టర్న్‌టేబుల్ నుంచి రెండు పిన్నులతో పాటు చీలిన రేకు కొస ఉన్న సన్నటి వైరు ఒకటి వస్తుంది, అది రిసీవర్ వెనక జీఎన్‌డీ అని ఉన్న స్క్రూకి బిగించాలి. ఆయన బిగించే ఉన్నారు. కానీ స్క్రూ కింద తెల్లటి ఉప్పులాంటి పొర పేరుకుని ఉంది. వైరు చూడటానికి తగులుతోంది, కరెంటుకి మాత్రం తగలడం లేదు. బ్లేడుతో రెండు వైపులా గీకి మెరుపు కనపడ్డాక మళ్లీ బిగిస్తే హమ్ సగానికి సగం పోయింది. మిగతా సగం కోసం ముల్లుని రికార్డు మీద దించకుండా, టోన్ ఆర్మ్‌ని (ముల్లు ఉన్న కడ్డీని) చేత్తో పట్టుకుని రికార్డు అంచు నుంచి మధ్యకి మెల్లగా తీసుకెళ్లాను. మధ్యకి వెళ్లేకొద్దీ హమ్ పెరుగుతోంది. చోటు చాలదని టర్న్‌టేబుల్‌ని రిసీవర్ నెత్తిన పెట్టారు. కింద రిసీవర్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని కార్ట్రిడ్జ్ పట్టుకుంటోంది. రెండడుగులు పక్కకి జరిపితే గది నిశ్శబ్దమైపోయింది. ఆయన స్టూలు మీద కూర్చుని ఆ నిశ్శబ్దాన్నే కాసేపు విన్నారు, ఆ తర్వాతే రికార్డు వేయమన్నారు.

మీరూ ఈ రెండూ ఇదే వరసలో చూడండి. రిసీవర్ రేకు పెట్టెని తాకితే చేతికి జివ్వుమంటే ఇంటి ఎర్తింగ్ చూపించాలి. బయట ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు వేసి ఎండాకాలంలో నీళ్లు పోయడం మన పెద్దవాళ్లు చేసేవారు. ఇప్పటి ఇళ్లలో ఆ గుంట ఎక్కడుందో కూడా చాలామందికి తెలియదు. హమ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచే అలవాటు కొందరికి ఉంది. ప్రాణాల మీదకు వస్తుంది, ఎవరు చెప్పినా వినకండి.

తీగతో పాట బాగుందనుకున్నాక బ్లూటూత్‌కి వద్దాం. మీరు కొన్న 250 రూపాయల ముక్క కారు కోసం చేసింది. ఫోన్ పంపే పాటని అందుకుని కారు ఆక్స్‌లోకి ఇస్తుంది. అంటే అది బ్లూటూత్ రిసీవర్, హాల్లోని రిసీవర్ లాంటిది కాదు, గాలిలో వచ్చే పాటని అందుకునేది. మీ స్పీకరూ అలాంటి రిసీవరే. రెండూ చెవులే, మాట్లాడే నోరు వాటిలో ఒకదానికీ లేదు. అందుకే ఒకదాన్నొకటి పట్టుకోవడం లేదు, పాడైపోయి కాదు. మీకు కావలసింది ట్రాన్స్‌మిటర్, అంటే పాటని పంపేది. పెట్టె మీద ట్రాన్స్‌మిటర్ అనో టీఎక్స్ అనో స్పష్టంగా ఉండాలి. కొన్నిటిలో టీఎక్స్, ఆర్ఎక్స్ అని స్విచ్చు ఉంటుంది, దాన్ని టీఎక్స్ వైపు జరపాలి. ఇవి సాధారణంగా టీవీకి ఇయర్‌ఫోన్ కలుపుకునేవాళ్ల కోసం అమ్ముతారు, ఆ పేరుతో వెతికితే తొందరగా దొరుకుతుంది.

దానికి ఇచ్చే కరెంటు మీద శ్రద్ధ పెట్టండి. చవక ఛార్జర్ పెడితే పాట వెనక సన్నటి కీచు వస్తుంది. అది ఛార్జర్ వల్లో కాదో తేల్చుకోవడానికి ట్రాన్స్‌మిటర్‌ని కాసేపు పవర్ బ్యాంక్ మీద నడపండి. కీచు పోతే ఛార్జర్ మార్చండి. పవర్ బ్యాంక్‌నే శాశ్వతంగా వాడదామంటే కుదరకపోవచ్చు. ఇంత తక్కువ కరెంటు లాగే వస్తువుని చూసి కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని ఆగిపోతాయి.

జత కలిపే ముందు ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటిలోనూ బ్లూటూత్ ఆఫ్ చెయ్యండి. స్పీకర్ ఆన్ కాగానే తనకు అలవాటైన ఫోన్‌ని వెతుక్కుంటుంది, ఒకసారి దాన్ని పట్టుకుంటే ట్రాన్స్‌మిటర్ వైపు చూడదు. ట్రాన్స్‌మిటర్‌కి తెర లేదు, పేర్లు చూపించదు. దగ్గర్లో జతకి సిద్ధంగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. రెండిటినీ ఒకే బల్ల మీద మూరెడు దూరంలో పెట్టి, స్పీకర్ బ్లూటూత్ గుండీ నొక్కి, ట్రాన్స్‌మిటర్ గుండీ లైటు వేగంగా కొట్టుకునేదాకా నొక్కి పట్టుకోండి. లైటు నిలకడగా వెలిగితే కలిసినట్టే. మొదటిసారే ఈ తంటా, తర్వాత అవే కలుసుకుంటాయి. పాట మరీ చిన్నగా వస్తే కంగారు పడకండి. పాత రిసీవర్ల టేప్ అవుట్ ఇప్పటి సీడీ ప్లేయరు ఇచ్చే రెండు వోల్టులతో పోలిస్తే చాలా తక్కువ ఇస్తుంది. స్పీకర్ వాల్యూమ్ పెంచుకుంటే సరిపోతుంది.

మీరు హాల్లో ముల్లు దించాక వెనక గదిలో పాట కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. సెకనులో ఐదో వంతు అటూఇటూగా ఉంటుంది. బ్లూటూత్ పాటని ముక్కలుగా కుదించి, పంపి, మళ్లీ విప్పడానికి పట్టే సమయం అది. పాట వినడానికి దానివల్ల ఏ నష్టమూ లేదు. రేపు పాత బాక్సులకి ఫోమ్ వేయించి హాల్లోనూ, గదిలోనూ ఒకేసారి వినాలనుకుంటే మాత్రం, గుడి మైకులా ప్రతిధ్వని వస్తుంది.

ఆప్ట్‌ఎక్స్ ఉండాలా, ఎస్‌బీసీ చాలా అని కొనేటప్పుడు షాపువాళ్లు అడుగుతారు. ఇవి బ్లూటూత్ పాటని కుదించే రెండు పద్ధతులు. ఆప్ట్‌ఎక్స్ పని చెయ్యాలంటే ట్రాన్స్‌మిటర్‌లోనూ ఉండాలి, స్పీకర్‌లోనూ ఉండాలి. ఒకదాంట్లో లేకపోతే రెండూ ఎస్‌బీసీలోనే మాట్లాడుకుంటాయి. ఎస్‌బీసీ మంచి నాణ్యతలో సెకనుకి 328 కిలోబిట్లు పంపుతుంది. నాన్నగారి దగ్గర ఉన్న రికార్డులకి, మంచం పక్క పెట్టే అంత స్పీకర్‌కి అది చాలు, ఆ తేడాకి డబ్బు పెట్టకండి. ఆ డబ్బుతో కొత్త ముల్లు కొనండి, అదెందుకో కింద చెప్తాను.

గోడల సంగతి. మామూలు బ్లూటూత్‌కి పది మీటర్లు అంటారు గానీ అది అడ్డం లేని చోట. మీ ఇల్లు పాతదైతే గోడలు మూరెడు మందం ఉంటాయి. ఇటుక గోడ ఒకటి దాటుతుంది, రెండోది దాటేటప్పుడు పాట తెగుతుంది. గోడ కన్నా ఇనప బీరువా చెడ్డది, దాన్ని అసలు దాటదు. ట్రాన్స్‌మిటర్‌ని రిసీవర్ వెనక సందులో పడెయ్యకుండా, వైరు అందినంత పైకి, వెనక గది గుమ్మం వైపు కనపడేలా పెట్టండి. తలుపు తెరిచి ఉంటే చాలాసార్లు సమస్యే ఉండదు. వై-ఫై రూటర్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పని చేస్తుంది కాబట్టి దాని పక్కన మాత్రం పెట్టకండి.

స్పీకర్ వేరే గదిలో ఉండటం వల్ల మీకు ఒక మేలు ఉంది. ఒకే బల్ల మీద రెండూ పెట్టేవాళ్లకి స్పీకర్ అదురు ముల్లులోకి పాకి, అది మళ్లీ స్పీకర్‌లో పలికి, భూం అని ఊళ పుడుతుంది. మీకు ఆ బాధ లేదు. అయినా హాల్లో పిల్లలు పరిగెడితే ముల్లు ఎగిరే ప్రమాదం ఉంది. చీమకుర్తి మీకు దగ్గరే. గెలాక్సీ గ్రానైట్ కోతలో మిగిలిన ముక్క, టర్న్‌టేబుల్ పట్టేంతది, ఒకటి తెచ్చి కింద నాలుగు రబ్బరు బుడిపెలు అంటించి దాని మీద పెట్టండి. బరువు వల్ల బల్ల అదురు పైకి రాదు. నా టర్న్‌టేబుల్ పదకొండేళ్లుగా అలాంటి పలక మీదే ఉంది.

ఇప్పుడు ముల్లు. నలభై ఏళ్ల కిందటి ముల్లుతో నాన్నగారి రికార్డులు వెయ్యకండి. వజ్రం అరిగి ఉంటుంది, దాన్ని పట్టుకున్న రబ్బరు బిగుసుకుపోయి ఉంటుంది. అరిగిన ముల్లు గాడి గోడల్ని ఉలిలా గీస్తుంది, అలా ఒకసారి గీసుకున్న పాటని ఏ పెట్టే తిరిగి తేలేదు. కార్ట్రిడ్జ్ మీద పేరు, నంబరు ఉంటుంది, దానికి సరిపోయే ముల్లు ఒక్కటే విడిగా దొరకవచ్చు. ముల్లు రికార్డు మీద మోపే బరువు ఆ కార్ట్రిడ్జ్‌కి ఎంత చెప్పారో అంతే పెట్టండి, చాలావాటికి ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు. ముల్లు ఎగురుతోందని దాని తల మీద రూపాయి బిళ్ల పెట్టే అలవాటు మన వైపు ఉండేది. రూపాయి బిళ్ల మూడు గ్రాముల పైనే ఉంటుంది. అప్పటికే ఉన్న బరువుకి అది తోడైతే గాడి గతి ఏమవుతుందో మీరే ఊహించుకోండి. టర్న్‌టేబుల్‌ని తిప్పే రబ్బరు బెల్టు సాగిపోయినా, జిగురుగా కరిగినా అదీ మార్చాలి.

రికార్డులకి బూజు పట్టి ఉంటే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ తడిపి, గాడి తిరిగే దిక్కున గుండ్రంగా తుడవండి. మధ్యలో కాగితం లేబుల్‌కి తడి తగలకూడదు. నిలువుగా పుస్తకాల్లా పేర్చండి. అటక మీద మాత్రం పెట్టకండి. రోహిణి కార్తె ఎండకి రోళ్లే పగులుతాయంటారు, రేకు కిందో శ్లాబు కిందో ఉన్న వినైల్ అప్పడంలా వంగిపోతుంది. కట్టలో బరువుగా, పెళుసుగా ఉన్న పాత 78 స్పీడు రికార్డులు ఉన్నాయని రాశారు. అవి లక్కతో చేసినవి, వాటికి స్పిరిట్ తగిలితే కరుగుతాయి. వాటి గాడి వెడల్పు, ఎల్‌పీ ముల్లు అడుగుకి జారి అక్కడి మట్టిని పాడుతుంది. 78కి వేరే లావు ముల్లు కావాలి, టర్న్‌టేబుల్‌లో ఆ స్పీడు కూడా ఉండాలి. అవి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. 45 స్పీడు ఈపీలు మాత్రం హాయిగా వెయ్యవచ్చు. అందులో పాతవి ఎక్కువ మోనోవే, అంటే ఎడమ, కుడి ఒకే పాట ఉండేవే. మీ స్పీకర్ ఒకే పెట్టె కాబట్టి ఎడమ, కుడి కలిపి పలుకుతుంటే చిటపట కాస్త తగ్గి వినిపిస్తుంది కూడా.

మీ రిసీవర్ బాగుచేయలేనంత పాడైపోయి ఉంటే, చిన్న ఫోనో ప్రీఆంప్ పెట్టె ఒకటి కొని, టర్న్‌టేబుల్‌కీ ట్రాన్స్‌మిటర్‌కీ మధ్యలో పెడితే సరిపోతుంది. బ్లూటూత్ లోపలే ఉన్న టర్న్‌టేబుళ్లు కూడా వస్తున్నాయి, ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్‌పీ60ఎక్స్‌బీటీ, సోనీ పీఎస్-ఎల్‌ఎక్స్310బీటీ లాంటివి. కానీ నాన్నగారు ఇన్నేళ్లు చేత్తో ముట్టుకున్న సెట్టు నడుస్తుంటే దాన్ని మార్చమని నేను చెప్పను.

ఇంకా ఏమీ కొనకండి. ముందు ఆర్‌సీఏ వైరు ఒక్కటి తెచ్చి, హాల్లో టేప్ అవుట్ నుంచి స్పీకర్ ఆక్స్‌కి పెట్టి, ఏం వినిపించిందో నాకు రాయండి. హమ్ ఉంటే టోన్ ఆర్మ్ జరిపినప్పుడు మారిందా లేదా అన్నది కూడా. కార్ట్రిడ్జ్ తల మీది నంబరు, రిసీవర్ వెనక పలక మొత్తం కనపడేలా ఫోటో ఒకటి పెడితే ముల్లు ఏది తెప్పించుకోవాలో, ఏ సాకెట్ ఏమిటో గుర్తుపెట్టి చెప్తాను.